షాఫ్టుకు పట్టేసిన యాక్సిల్ బేరింగు: పుల్లరా, ప్రెస్సా, గ్రైండరా, గ్యాసా?

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనుల దారుల్లో తిరిగే జీపుల వెనుక బేరింగులు త్వరగా పోవడానికి దుమ్ము ఒక్కటే కారణం కాదు. ఎండలో నడిచి వేడెక్కిన యాక్సిల్ వంక దాటేటప్పుడు ఒక్కసారిగా నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది. గాలి రాకపోకలకు ఉండే చిన్న రంధ్రం (బ్రీదర్) మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీల్ అంచు గుండా బురదనీరు లోపలికి చేరుతుంది. ఆ నీటితో పట్టిన తుప్పే బేరింగు లోపలి రేసును (గుండ్లు దొర్లే రెండు ఉక్కు వలయాల్లో లోపలిదాన్ని) షాఫ్టుకు బిగించేస్తుంది.

పాత బేరింగు ఎలాగూ తుక్కుకే పోతుంది కనుక, ఏ పద్ధతి మేలో తేల్చేటప్పుడు చూడవలసింది షాఫ్టు క్షేమాన్ని మాత్రమే. బండి బరువును కూడా షాఫ్టే మోసే సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో చక్రం బిగించే ఫ్లాంజి వైపు నుంచి వరుసగా బేరింగును దాని చోట పట్టి ఉంచే రిటైనర్ ప్లేటు, బేరింగు, దాని వెనుక గట్టిగా ఎక్కించిన కాలర్ అనే ఇనుప ఉంగరం ఉంటాయి. షాఫ్టు చక్రంతో సహా బయటికి జారిపోకుండా ఆపేది ఆ కాలరే కాబట్టి, దాన్ని తీయనిదే బేరింగు రాదు.

కాళ్లతో పట్టి మరతో లాగే పుల్లర్ చవక, ఇంటి దగ్గరే పని జరుగుతుంది. అయితే దాని కాళ్లు లోపలి రేసుకు అందక బయటి రేసును పట్టుకుంటాయి. బలంగా లాగితే గుండ్లు చెదిరిపోయి, అసలు పట్టేసిన లోపలి రేసు షాఫ్టు మీదే మిగులుతుంది. కొద్దిపాటి తుప్పుకు తప్ప దీన్ని నమ్ముకోనక్కరలేదు.

కడపలోని లేతు షాపుకు తీసుకెళ్లి హైడ్రాలిక్ ప్రెస్సు మీద తీయించడం శుభ్రమైన పని. షాఫ్టును ఫ్లాంజి కిందికి వచ్చేలా నిలబెట్టి, బేరింగు అడుగున రెండు ముక్కల ప్లేటును ఆనించి, పైకి వచ్చిన పళ్ల కొస (స్ప్లైన్) మీద ఇత్తడి బిళ్ల పెట్టి నొక్కుతారు. పొడవాటి షాఫ్టు చిన్న ప్రెస్సులో పట్టదు కనుక ఫ్రేము ఎత్తు ముందే అడిగి వెళ్లడం మంచిది. ఆధారం పొరపాటున రిటైనర్ ప్లేటు మీద పడితే ప్లేటు వంగిపోతుంది. ఇంకొక ప్రమాదం ఉంది: టన్నుల బరువు కింద కదలని బేరింగు ఒక్కోసారి పెద్ద శబ్దంతో పగిలి ముక్కలు ఎగురుతాయి. అందుకని దాని చుట్టూ మందపాటి గొట్టం ముక్క తొడగకుండా, కళ్లద్దాలు లేకుండా దగ్గర నిలబడకూడదు.

ప్రెస్సుకూ లొంగని దానికి గ్రైండరే దిక్కు. కాలర్ కాస్త మెత్తని ఇనుము కనుక దానిలో ముప్పాతిక మందం వరకు డ్రిల్లుతో రంధ్రం చేసి, అక్కడే ఉలి పెట్టి కొడితే విచ్చుకుంటుంది. బేరింగు రేసుకు డ్రిల్లు దిగదు. దాన్ని గ్రైండరుతో ఏటవాలుగా కోసి, షాఫ్టుకు తగలకముందే పలుచని పొర మిగిల్చి ఆపాలి. గట్టి ఉక్కు పెళుసైనది కాబట్టి ఒక్క ఉలి దెబ్బకే ఆ పొర చిట్లుతుంది. చెయ్యి తప్పి షాఫ్టు మీద గాటు పడితే, అది సీల్ ఆనుకునే చోటైతే గేర్ ఆయిల్ బ్రేకు డ్రమ్ములోకి కారుతుంది, రేసు కూర్చునే చోటైతే బరువు మీద షాఫ్టు అక్కడే విరగవచ్చు.

గ్యాస్ మంటతో కాల్చి తీయడం సులువుగా కనిపిస్తుంది కానీ నా లెక్కలో అన్నిటికన్నా కింద ఉండవలసింది అదే. ఉక్కు నీలిరంగు తిరిగిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరినట్టే; గట్టిపరచిన షాఫ్టు పైపొర అక్కడ మెత్తబడుతుంది. ఆ నష్టం బిగించిన రోజున కనిపించదు.

కాబట్టి ముందు కాలరును డ్రిల్లు, ఉలితో విడగొట్టి, తరువాత షాఫ్టును ప్రెస్సుకు పంపడమే మేలు. పట్టణం దూరమై, చెయ్యి కుదురైన మెకానిక్ ఉంటే మొత్తం గ్రైండరుతోనే ముగించవచ్చు. బయటి రేసు హౌసింగులో (యాక్సిల్ గొట్టం చివర బేరింగు కూర్చునే గూటిలో) ఇరుక్కున్నప్పుడు మాత్రం ఇవేవీ వద్దు. రేసు లోపలి అంచున చుట్టూ ఒక వెల్డింగు గీత వేస్తే, అది చల్లారుతూ రేసును కుదించి వదులు చేస్తుంది.

కొత్త బేరింగును నూనెలో 110 డిగ్రీల వరకు కాచితే సులువుగా ఎక్కుతుంది: 40 మిల్లీమీటర్ల రంధ్రం 100 డిగ్రీల వేడి పెరుగుదలకు సుమారు 0.05 మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. పాత కాలర్ విరగకుండా వచ్చినా సరే, కొత్తదే వేయాలి.