యెరూషలేము చూశాక గెరిజీము కూడా ఎక్కండి

మన వైపు నుంచి హోలీ ల్యాండ్ ప్యాకేజీల్లో వెళ్ళేవాళ్ళకి సమరయ అంటే యాకోబు బావి దగ్గర ఓ అరగంట. బస్సు ఆగుతుంది, మెట్లు దిగుతారు, యేసు ఇక్కడ ఓ సమరయ స్త్రీతో మాట్లాడిన యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదువుకుంటారు, మళ్ళీ ఎక్కేస్తారు. సమరయ స్త్రీ "ఈ పర్వతం" అన్న గెరిజీము కొండ నెత్తి మీదే ఉంటుంది. దాన్ని బస్సు కిటికీలోంచి చూపించి సరిపెడతారు. నేనూ మా బావా 2019 నవంబరులో ప్యాకేజీ మానేసి సొంతంగా వెళ్ళడానికి కారణం అదే. దేవుణ్ణి ఆరాధించాల్సిన చోటు యెరూషలేమా, గెరిజీమా అని యూదులకీ సమరయులకీ ఉన్న పాత తగువుని రెండు కొండల మీదా నిలబడి చూడాలనిపించింది.

యెరూషలేములో బస పాతనగరం లోపలే చూసుకోండి. మేం దిగింది వయా డోలరోసా మీద సియోను సన్యాసినుల మఠంలోని ఎచ్చే హోమో అతిథిగృహంలో. గదులు సాదాసీదా, కానీ డాబా మీదకెళ్తే డోమ్ ఆఫ్ ద రాక్ బంగారు గుమ్మటం ఎదురుగా కనిపిస్తుంది. ఆ సందుల్లో చక్రాల పెట్టె లాగడం పెద్ద శిక్ష, భుజాన తగిలించుకునే సంచీతో వెళ్ళడం మేలు. భోజనానికి డమాస్కస్ గేటు దగ్గర ఫలాఫెల్, హమ్మస్ చాలు. కారం అలవాటైన నోటికి చప్పగా ఉంటుంది, పచ్చడి సీసా మర్చిపోకండి.

యూదుల పాత దేవాలయ ప్రాంగణంలో మిగిలిన పడమటి గోడ దగ్గర టికెట్టు లేదు. మగవాళ్ళకి ఒకవైపు, ఆడవాళ్ళకి ఒకవైపు. తలకి టోపీ అక్కడే ఇస్తారు. అడుగు వరసల్లో ఉన్న భారీ రాళ్ళు హేరోదు కాలంనాటివి. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని నాశనం చేశారు, బలులు ఆగిపోయాయి. అయినా లోకంలో ఎక్కడున్నా యూదుడు ఇటు తిరిగే ప్రార్థన చేస్తాడు. గోడ కింద సొరంగంలో నడిచే టూరుకి మాత్రం ముందే బుక్ చేసుకోవాలి. తీరికుంటే చూడండి, లేకపోయినా పెద్దగా పోయేదేం లేదు.

గెరిజీము కింద ఉన్న పాలస్తీనా పట్టణం నాబ్లస్‌. అక్కడికి ఇజ్రాయెల్ అద్దె కారు వేసుకుని వెళ్ళలేం. డమాస్కస్ గేటు దగ్గర రామల్లా బస్సెక్కి, అక్కణ్ణుంచి ‘సర్వీస్’ అని పిలిచే పసుపు వ్యానులో వెళ్ళాం. మన షేర్ ఆటో పద్ధతే, సీట్లు నిండితేనే కదులుతుంది. నాబ్లస్ నుంచి కొండ మీదికి టాక్సీ మాట్లాడుకోవాలి. వెయిటింగ్‌తో కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. మా డ్రైవరు పైకెళ్ళాక రేటు మార్చేశాడు, మా బావ గుంటూరు బేరం అక్కడ పారలేదు. అప్పట్లో షెకెలు మన ఇరవై రూపాయల లెక్క.

కొండ ఎత్తు 881 మీటర్లు. నవంబరు గాలికి స్వెట్టరు చాల్లేదు. శిఖరానికి కాస్త కింద కిర్యత్ లూజా అని సమరయుల ఊరు. 20వ శతాబ్దం మొదట్లో వీళ్ళు నూట యాభై మంది లోపే మిగిలారు. ఇప్పుడు ఎనిమిది వందల పైచిలుకు, సగం ఇక్కడ, సగం టెల్ అవీవ్ పక్కన హోలోన్‌లో. ఊళ్ళో నడుస్తుంటే మొదట పట్టేసింది గుమ్మాలు. యెరూషలేములో యూదుల గుమ్మానికి కుడిపక్క ఏటవాలుగా చిన్న డబ్బీ ఉంటుంది, వాక్యం రాసిన తోలు చుట్ట లోపల కనపడకుండా ఉంటుంది. ఇక్కడ గుమ్మం పైనే పలక, దాని మీద పాత హెబ్రీ లిపిలో వాక్యం బాహాటంగా చెక్కి ఉంది. మాటల్ని ద్వారబంధాల మీద రాయమన్న ఆజ్ఞ ఒకటే, పాటించే తీరు రెండు.

ఊళ్ళో ఉన్న చిన్న మ్యూజియం చూడకుండా కొండ దిగకండి. వీళ్ళకి లేఖనం అంటే మోషే అయిదు కాండాలే. దావీదు, సొలొమోను, ప్రవక్తలు, కీర్తనలు, ఏవీ వీళ్ళ గ్రంథంలో లేవు. ఒక్కసారి లెక్క చూడండి: ఆ అయిదు కాండాల్లో యెరూషలేము అన్న పేరు ఎక్కడా రాదు, ఆదికాండంలో షాలేము తప్ప. గెరిజీము మాత్రం దీవెన పలకాల్సిన కొండగా పేరుతో సహా ఉంది. ద్వితీయోపదేశకాండంలో యూదుల ప్రతి దేవుడు "ఏర్పరచుకొనబోయే" స్థలం అంటే, సమరయుల ప్రతి "ఏర్పరచుకొన్న" స్థలం అంటుంది. వాళ్ళ పదో ఆజ్ఞ గెరిజీము మీద బలిపీఠం కట్టమనే. యూదుల లెక్కలో దేవుడు మోషేతో ఆగలేదు, తర్వాత దావీదుతో మాట్లాడి యెరూషలేములోని సీయోను కొండని చూపించాడు. గ్రంథం ఎక్కడ ఆగిందో ఆరాధన కూడా అక్కడి కొండ మీదే ఆగింది.

మన ప్రసంగాల్లో సమరయులంటే విగ్రహాలు కలిపేసుకున్న సంకరజాతి. రెండవ రాజుల గ్రంథం 17వ అధ్యాయం చూపిస్తారు. సమరయులు చెప్పుకునే చరిత్ర వేరు: ఏలీ యాజకుడు గెరిజీముని వదిలి షిలోహులో వేరే గుడారం పెట్టుకోవడంతో చీలిక మొదలైందంటారు. ఎవరిది నిజమో నేను తేల్చలేను గానీ, కొండ మీద విగ్రహమన్నది నాకెక్కడా కనపడలేదు. సమాజమందిరంలో చెప్పులు విప్పి, నేల మీద సాగిలపడి ప్రార్థిస్తారు. పస్కాకి ఈ ఊరి మైదానంలో ఇప్పటికీ గొర్రెల్ని బలిచ్చి గుంటల్లో కాలుస్తారు. యూదులు దేవాలయం పోయాక బలులు మానేశారు. అన్నట్టు, మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయిము గోత్రీకులమని చెప్పుకునే తెలుగు యూదులున్నారు. ఈ సమరయులు చెప్పుకునేదీ ఎఫ్రాయిము, మనష్షే గోత్రాల పేర్లే!

శిఖరం మీది తవ్వకాలకి వేరే టికెట్టు. క్రీ.పూ. ఐదో శతాబ్దంలో మొదలైన సమరయుల ఆలయ ప్రాకారాన్ని, క్రీ.పూ. 110 ప్రాంతంలో దాన్ని యూదుల పాలకుడు యోహాను హిర్కాను కూల్చిన ఆనవాళ్ళని అక్కడ చూడొచ్చు. దాని మీద క్రీ.శ. 484లో జెనో చక్రవర్తి ఎనిమిది పలకల చర్చి కట్టించాడు. నాకు కొంచెం చిరాకేసింది, ఓడినవాడి గుడి మీద గుడి కట్టకపోతే తోచదు కాబోలు. బోర్డులు బాగానే ఉన్నాయి, నీడ లేదు. అంచుకి వెళ్తే లోయలో నాబ్లస్, ఎదురుగా ఏబాలు కొండ, కింద యాకోబు బావి చర్చి.

బావి దగ్గరికి దిగేసరికి మధ్యాహ్నం, తలుపు మూసి ఉంది! సువార్తలో ఆ స్త్రీ వచ్చిందీ పట్టపగలు పన్నెండింటికే. తెరిచాక గ్రీకు ఆర్థడాక్సు చర్చి బలిపీఠం పక్క మెట్లు దిగాం. గిలకకి తాడు, బకెట్టు, నలభై మీటర్ల లోతు. కొంచెం నీళ్ళు వెనక్కి పోస్తే అవి అడుగున పడ్డ చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది. యేసు ఇక్కడ ఆ స్త్రీ కొండనీ ఒప్పుకోలేదు, కొట్టేయనూ లేదు. ఈ పర్వతమూ కాదు, యెరూషలేమూ కాదు అని, వెంటనే రక్షణ యూదులలోనుండి అని ఒకవైపు తేలుస్తాడు. ఆమె ఎదురుచూసిన మెస్సీయకి సమరయుల దగ్గర ‘తాహెబ్’ అని పేరు, మోషే వంటి ప్రవక్త. పొద్దున పైన మ్యూజియం చూసి వచ్చాను కాబట్టి ఆమె మాటలు తెలివితక్కువ ఎదురుప్రశ్నలుగా నాకు అనిపించలేదు. ఆమె తన గ్రంథం ఆగిన చోట నిలబడి అడుగుతోంది.

రాత్రికి నాబ్లస్‌లోనే ఉండండి. పాతబస్తీ అంచున అల్ యాస్మీన్ హోటల్ నుంచి బజారుకి నడిచే వెళ్ళొచ్చు. పళ్ళెం నిండా వేడి జున్ను మీద పాకం పోసిన కునాఫా ఇక్కడ తిన్నాక ఇంకెక్కడా నచ్చదు. ఆలివ్ నూనె సబ్బులు కూడా కొనుక్కోండి, తేలిగ్గా సర్దుకోవచ్చు. తిరుగుదారిలో కలందియా చెక్‌పోస్టులో పాస్‌పోర్టు చూపాలి, ఎయిర్‌పోర్టులో ఇచ్చిన నీలం ఎంట్రీ చీటీ దాంతోనే ఉంచుకోండి. 2023 అక్టోబరు తర్వాత ఆ దారుల్లో మూసివేతలు బాగా పెరిగాయి, బయల్దేరే ముందు స్థానికంగా కనుక్కోండి.

శనివారం మాత్రం గెరిజీముకి పెట్టుకోకండి. మ్యూజియం ఉండదు, ఊరంతా విశ్రాంతి దినం. ఆ రోజు యెరూషలేములో యూదుల బస్సులు కూడా తిరగవు. గోడ దగ్గర ఫోటోలు తీయనివ్వరు. డమాస్కస్ గేటు బస్సులు నడుస్తాయి గనక ఆ రోజు నాబ్లస్ బజారుకి పెట్టుకోండి. అక్కడ సెలవు శుక్రవారం.