కొంపల్లిలో మాకు ఫ్లాటు చూపించిన రెరా ఏజెంటు

అమ్మానాన్నల కోసం కొంపల్లిలో ఫ్లాటు వెతుకుతూ ఈ ఏజెంటు దగ్గరకు వెళ్లాం. ఆఫీసు చిన్నదే. గోడకు తెలంగాణ రెరా (ఇళ్లు, స్థలాల ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ పత్రం ఉంది. మేము అడగకముందే ఆ నంబరును రెరా వెబ్‌సైటులో మా చేతనే వెతికించారు. 2016 రెరా చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు రెరా ప్రాజెక్టుల్లో ఇళ్లు అమ్మిపెట్టకూడదు. చాలామంది మధ్యవర్తులు ఆ ఊసే ఎత్తరు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చవకగా వస్తోందని మా బావగారు ఒక ప్రీలాంచ్ వెంచర్ (రెరా నంబరు రాకముందే అమ్మకానికి పెట్టిన ప్రాజెక్టు) గురించి అడిగితే, "రెరా నంబరు రాని ప్రాజెక్టును నేను చూపించకూడదండీ, మీరూ డబ్బు కట్టకండి" అని నిక్కచ్చిగా చెప్పేశారు. కమీషన్ పోతుందని చూసుకోలేదు! మేము ఎంచుకున్న ఫ్లాటుకు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే పత్రం) తీయించి, స్థలం మీద ఉన్న పాత తనఖా విడుదలైన నమోదును వేలు పెట్టి చూపించారు. అమ్మకం ఒప్పందం రిజిస్టరు కాకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదని చెప్పిందీ ఆయనే.

కమీషన్ ఎంతో ముందే కాగితం మీద రాసిచ్చారు. ఫోను మాత్రం త్వరగా ఎత్తరు, సాయంత్రం నేరుగా వెళ్లి కలవడమే మేలు. పార్కింగు స్థలం ఎక్కడో ప్లానులో గుర్తు పెట్టించుకోండి. ఆ విషయం ఆయన తనంతట తానుగా చెప్పలేదు.