కాశీ ఘాట్లను ఆయిల్ రంగుల్లో వెయ్యాలంటే: ఎక్కడ దిగాలి, ఎక్కడ కూర్చోవాలి

కాశీలో గంగ ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఘాట్లన్నీ పడమటి ఒడ్డున, తూర్పుముఖంగా ఉంటాయి. సూర్యోదయం తర్వాత రెండు గంటలు గోడల మీద వెలుగు నీడలు స్పష్టంగా విడిపోతాయి. మధ్యాహ్నం దాటితే ఎండ భవనాల వెనక్కి పోయి కోటలన్నీ ఒకే బూడిదరంగు ముద్ద. అందుకే ఘాటుకు నడిచి వెళ్లేంత దూరంలో లేని బస ఎంత బాగున్నా దండగే.

మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో దిగితే కేదార్ ఘాట్ పక్కనే, మాట్లాడేది మన భాషే. అయితే ఏ ఆశ్రమంలోనైనా గదిలో టర్పెంటైన్ (రంగును పల్చన చేసే ఘాటు వాసన నూనె) సీసా విప్పితే పక్క గదులవాళ్లు ఊరుకోరు. తడి బొమ్మలు ఆరబెట్టాలంటే డాబా ఉన్న అస్సీ వైపు గెస్ట్‌హౌసులే నయం. దశాశ్వమేధ్ వెనక సందుల్లో ఈజిల్ (బొమ్మను నిలబెట్టే స్టాండు) మోస్తూ ఆవుల మధ్య నడవడం వేరే విద్య.

నేర్చుకునేవాళ్లకు మొదటి బొమ్మగా చేత్‌సింగ్ ఘాట్ మంచిది: కోట ఒకటే పెద్ద ఆకారం, చిల్లర వివరాలు తక్కువ. అస్సీ నుంచి ఉత్తరానికి చూస్తే ఘాట్ల వంపు దొరుకుతుంది, కానీ భవనాలు చిన్నవైపోతాయి. దశాశ్వమేధ్‌లో జనం నిలవనివ్వరు. శవదహనాలు జరిగే మణికర్ణిక దగ్గర ఈజిల్, కెమెరా రెండూ వద్దు. దాని పక్కనే ఒరిగిన రత్నేశ్వర్ గుడి ఉంది. దాన్ని వేసేముందు చుట్టుపక్కల గోడలను నిట్టనిలువుగా గీసుకోవాలి, లేకపోతే ఒరిగింది గుడి కాదు, మీ చెయ్యి అనుకుంటారు.

అన్నిటికన్నా మంచి చోటు ఎదుటి ఇసుకతిన్నె. పొద్దున సూర్యుడు వీపు వెనక ఉంటాడు, ఘాట్లన్నీ ఎదురుగా. పడవవాడితో వేచి ఉండే సమయం, తిరుగు ప్రయాణం కలిపి ముందే బేరం తేల్చుకోవాలి. గాలి లేస్తే తడి రంగులో ఇసుక అంటుకుంటుంది. ఈజిల్‌కు ఇసుక సంచి వేలాడదీస్తే పడిపోదు. వర్షాకాలంలో ఈ తిన్నె మునిగిపోతుంది. డిసెంబరు, జనవరుల్లో పొగమంచు సూర్యుణ్ని మింగేస్తుంది. నవంబరు, ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలం.

బొమ్మ వేసే బోర్డు 10×12 అంగుళాలు మించొద్దు. పల్చటి బర్న్‌ట్ సియెనా (ఎరుపు కలిసిన గోధుమరంగు) పూత ముందురోజే వేసుకోవాలి. 20 నిమిషాల్లో ఆకాశం, గోడలు, నీళ్లు మూడు పెద్ద ముక్కలుగా నింపాలి. ఘాట్లు కట్టిన చునార్ ఇసుకరాయికి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపు, చిటికెడు సియెనా; దాని నీడకు అల్ట్రామెరీన్ (ముదురు నీలం), సియెనా. అందరూ తప్పేది మెట్ల దగ్గర. పడవలో కూర్చుంటే కంటిమట్టం నీటికి ఇంచుమించు మూడడుగుల పైన ఉంటుంది. అంతకన్నా ఎత్తున్న మెట్ల పైతలం కనబడదు, నిలువు ముఖాలే కనబడతాయి. తెలుసు కదా అని పైతలం కూడా గీస్తే మెట్లు ముందుకు దొర్లుతున్నట్టుంటాయి. నీటిలో ప్రతిబింబానికి గోడల వెలుగును కాస్త తగ్గించి, చీకటిని కాస్త తేల్చాలి.

టర్పెంటైన్ విమానంలోకీ రైల్లోకీ రానివ్వరు. అక్కడి హార్డ్‌వేర్ దుకాణంలో 'తార్పిన్ కా తేల్' అడిగి కొనుక్కోవాలి. తిరిగొచ్చేటప్పుడు రెండు బోర్డులను ఎదురెదురుగా పెట్టి, మూలల్లో బిరడా ముక్కలు అడ్డం పెట్టి కట్టాలి. తెలుపు దట్టంగా వేసినచోట త్వరగా ఆరదు కాబట్టి చివరి రెండు రోజులూ కొత్త బోర్డు ముట్టకుండా పెన్సిల్ స్కెచ్‌లతో గడపడం మేలు. రైల్లో ఎదుటి బెర్తువాళ్ల చీర మీద చేత్‌సింగ్ కోట అచ్చు పడకుండా ఉంటుంది.