బొమ్మల మొహాలు కదలవట!

నెట్‌ఫ్లిక్స్‌లో ‘ది డార్క్ క్రిస్టల్: ఏజ్ ఆఫ్ రెసిస్టెన్స్’ చూడనివాళ్లు ఇప్పటికైనా చూడండి. 2019లో వచ్చింది, 10 ఎపిసోడ్లు. జిమ్ హెన్సన్, ఫ్రాంక్ ఆజ్ 1982లో తీసిన సినిమాకు ముందు కథ. నా మార్కులు ఐదుకి ఐదు.

గ్రాఫిక్స్ కొంత ఉన్నా, పాత్రలు మాత్రం మనుషులు ఆడించిన బొమ్మలు. హప్ అనే బుడతడు చెక్క గరిటె పట్టుకుని వీరుడిలా తలపడుతుంటే మా ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం.

గచ్చిబౌలిలో మా ఆఫీసువాళ్లు మాత్రం, “మొహాలు కదలవు, మొత్తం గ్రాఫిక్స్‌లో తీసేస్తే పోయేది” అంటారు. ఒళ్లు మండుతుంది నాకు. మన తోలుబొమ్మలాటలో రావణుడి మొహం ఎప్పుడు కదిలింది? ఆడించేవాడు చెయ్యి విదిలించి గొంతు పెంచితే చాలు, దీపం వెలుగులో ఆ బొమ్మకి కోపం వచ్చేస్తుంది. ఇక్కడైతే ఒకరు చేత్తో నోరు ఆడిస్తుంటే, ఇంకొకరు రిమోట్‌తో కళ్లూ చెవులూ కదుపుతారు. కథానాయికల్లో ఒకరైన డీట్ చెవులు వాలిపోతే నాకు ఏడుపొచ్చింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బుల్లిబొమ్మ కోసం అంతమంది ఎదురుచూస్తారే, దాని మొహం కదులుతుందనా?

మొదట్లో పేర్లు గందరగోళంగా ఉంటాయి, ఆ విమర్శ ఒప్పుకుంటా.

2020 సెప్టెంబరులో ఉత్తమ బాలల కార్యక్రమంగా ఎమ్మీ టీవీ అవార్డు ఇచ్చారు. అదే నెలలో రెండో సీజన్ లేదన్నారు. డీట్ ఒంటరిగా వెళ్లిపోయిన చోటే కథ ఆగిపోయింది. ఇంత అన్యాయమా!

మరీ చిన్నపిల్లలకు చూపించకండి. స్కెక్సిస్ అనే దుష్టజీవులు ప్రాణసారం పీల్చే సీన్లకు జడుసుకుంటారు.