పనికి లెక్కగట్టి ఇవ్వాలా, వారానికింత అని ఇవ్వాలా?

పిల్లలకు డబ్బు సంగతి తెలియాలంటే వాళ్ల చేతికి కొంత డబ్బు రావాలి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఏ లెక్కన ఇవ్వాలన్న దగ్గరే వస్తుంది గొడవంతా. కొందరు గిన్నెలు సర్దితే ఇంత, బట్టలు మడతపెడితే ఇంత అని ధర కడతారు. కొందరు పనితో ముడిపెట్టకుండా వారం వారం పాకెట్ మనీ ఇస్తారు. చాలా ఇళ్లలో ఈ రెండూ ఉండవు, అడిగినప్పుడల్లా తీసివ్వడమే. ఆ మూడోదాన్ని ముందే పక్కన పెట్టేస్తున్నాను. అందులో పిల్లలు నేర్చుకునేది డబ్బు గురించి కాదు, అమ్మానాన్నల్లో ఎవరు త్వరగా మెత్తబడతారన్నదే.

పనికి డబ్బు అన్నది పైకి న్యాయంగానే ఉంటుంది. మా ఇంట్లో మొదలుపెట్టిందీ దాంతోనే. గోడకు పట్టిక, ఒక్కో పని ఎదురుగా ఒక్కో ధర. రెండు వారాలు ఇల్లు అద్దంలా ఉంది. మూడో వారం మావాడు పుస్తకంలోంచి తలెత్తకుండానే, "ఇవాళ నాకు డబ్బులు అక్కర్లేదమ్మా, గిన్నెలు సర్దను" అన్నాడు. కోపం వచ్చింది గానీ, వాడి లెక్కలో తప్పు పట్టలేకపోయాను. ధర కట్టింది నేను. ఆ ధరకు పని చేయనని చెప్పే హక్కు వాడికి ఉంది మరి!

పెద్దవాళ్లూ ఇంతే. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల్లో, సాయంత్రం పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. జరిమానా ఎత్తేశాక కూడా మునుపటి స్థితికి రాలేదు. యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీనీ అనే ఆర్థికవేత్తలు ఈ సంగతిని 2000లో ప్రచురించారు. అంతకుముందు ఆలస్యమైతే మొహమాటపడేవాళ్లు, జరిమానా వచ్చాక దాన్ని రుసుము అనుకున్నారన్నమాట. మా పట్టిక చింపేశాక గిన్నెల దగ్గర నేను నెలల తరబడి పడ్డ పాట్లకు కారణం అప్పుడర్థమైంది.

పనితో సంబంధం లేని పాకెట్ మనీ మీద ఉన్న ఫిర్యాదు ఒకటే: డబ్బు ఊరికే వస్తుందనుకుంటారని. నిజమే, సంపాదన అందులో రాదు. కానీ ఉన్నదాంట్లో సర్దుకోవడం వస్తుంది, నా దృష్టిలో చిన్న వయసులో కావలసింది అదే. వారానికి 10 నాణేలొచ్చే పిల్లాడికి 40 నాణేల బొమ్మ కావాలంటే, అంతా దాస్తే 4 వారాలు, సగం దాస్తే 8 వారాలు. ఈ లెక్క మనం చెప్పక్కర్లేదు, గాజు సీసాలో నాణేలు కనబడుతుంటే వాళ్లే వేసుకుంటారు. ఆరేడేళ్ల పిల్లలకు వారానికోసారి చాలు, కాస్త పెద్దయ్యాక నెలకోసారి చేయొచ్చు, అప్పుడు మొదటి వారంలోనే ఖాళీ చేసుకోవడం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

తెలియనివ్వడమే కష్టం. మావాడు ఒకసారి మొత్తం మొదటిరోజే ఖర్చుపెట్టి ఉసూరుమంటుంటే, జాలిపడి మూడోరోజు మళ్లీ ఇచ్చాను. నేర్పిందంతా ఆ ఒక్కసారితో పోయింది. దీనికి మూడు షరతులు తప్పవు: ఇచ్చే రోజు మారకూడదు, మధ్యలో కలపకూడదు, అల్లరి చేశాడని కోయకూడదు. కోస్తే అది మళ్లీ మంచితనానికి కూలీ అయిపోతుంది.

అందుకే నా ఓటు పాకెట్ మనీకే, చిన్న చేర్పుతో. తిన్న కంచం తీయడం, పక్క సర్దుకోవడం లాంటివి ఇంట్లో ఉన్నందుకు చేసేవి, వాటికి డబ్బు లేదు. చేయకపోతే ఆట ఆగుతుంది, పాకెట్ మనీ ఆగదు. బయటివాళ్లకు డబ్బిచ్చి చేయించుకునే పని ఏదైనా ఉంటే మాత్రం, ముందే బేరం కుదుర్చుకుని పిల్లలకు ఇవ్వొచ్చు. పని సరిగా లేకపోతే మళ్లీ చేయించాలి, బాగుంటే అడగకముందే డబ్బివ్వాలి.

మొన్న అటక శుభ్రం చేసే పనికి మావాడు గట్టిగానే బేరమాడాడు. గిన్నెలు మాత్రం ఊరికే సర్దుతున్నాడు, గొణుగుతూనే.