అరండల్‌పేట స్పోకెన్ పర్షియన్ క్లాస్ ఎలా ఉందంటే

గుంటూరులో పర్షియన్ చెప్పేవాళ్లున్నారని చాలామందికి తెలీదు. అరండల్‌పేటలో ఒక మేడమ్ గారు ఇంట్లోనే శని, ఆదివారాలు సాయంత్రం చెప్తున్నారు, నెలకి 1500. నాకు ఇరాన్‌లోని షీరాజ్‌లో ఫ్రెండ్ ఉంది, ఫోన్లో ఎప్పుడు కలుద్దాం, నౌరూజ్‌కి, అంటే వాళ్ల కొత్త సంవత్సరానికి, ఎక్కడికెళ్దాం ఇవే మాటలు, అందుకే ప్లాన్లు చెప్పే పాఠం నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

పుస్తకాల్లో భవిష్యత్తుకి వేరే రూపం ఉంటుంది, "ఖాహమ్ రఫ్త్" (వెళ్తాను) అని. వార్తలకి, రాతకోతలకి అది బానే ఉంటుంది గానీ ఇంట్లో, ఫ్రెండ్స్ మధ్య మామూలుగా అలా మాట్లాడరు. మేడమ్ దాన్ని పక్కన పెట్టి "రోజూ వెళ్తా, రేపు వెళ్తా, రెండిటికీ వెళ్తా అనే అంటారు కదమ్మా, అక్కడా అంతే" అన్నారు. "ఫర్దా మీరమ్" అంటే రేపు వెళ్తా, అయిపోయింది. మనసులో అనుకున్నదైతే "మీఖామ్ బెరమ్" (వెళ్లాలని అనుకుంటున్నా), అందరూ మాట్లాడుకుని ఖాయం చేసుకున్నదైతే "గరారె బెరీమ్", ఇంకా డౌటే అయితే "శాయద్ బెరమ్". ఈ మూడిట్లో రెండో మాట "బె"తో మొదలవ్వాలి, మనమేమో అలవాటుగా "మీఖామ్ మీరమ్" అనేస్తాం, ఆవిడ విసుక్కోకుండా ప్రతిసారీ ఆపి సరిచేస్తారు, అది నాకు చాలా నచ్చింది. ఇంకోటి, మనకి వెళ్లాలని ముందు, అనుకుంటున్నా తర్వాత, వాళ్లకి తిరగేసి వస్తుంది, పైగా ఊరి పేరు క్రియ తర్వాత కూడా పెట్టేస్తారు, "హఫ్తెయె దిగె మీరమ్ ఇస్ఫహాన్" అని, వచ్చే వారం ఇస్ఫహాన్ వెళ్తా అని. ఇది చెవికి పట్టాలంటే జంటలుగా మాట్లాడించాల్సిందే, ఆవిడ అదే చేయిస్తారు, వీకెండ్ ప్లాన్ ఒకళ్లు చెప్పాలి, ఇంకొకళ్లు "నెమీతూనమ్ బియామ్", రాలేను అని కారణం చెప్పాలి. భలే ఉంటుంది.

నోట్సే బాలేదు. అంతా ఇంగ్లీష్ అక్షరాల్లో ఇస్తారు, అందులో పొట్టి అ ఏదో పొడుగు ఆ ఏదో తెలీదు, తెలుగులో రాసిచ్చినా ఇంతకన్నా నయం. పర్షియన్ లిపి అసలు చెప్పట్లేదు, ఫ్రెండ్ మెసేజ్ పెడితే నేను చదవలేను, ఇది మాత్రం మార్చాల్సిందే. బ్యాచ్‌లో జనం ఎక్కువైన రోజు మన వంతు రావడానికి టైమ్ పడుతుంది.

మాట్లాడటానికైతే చేరండి, చదవడం రాయడం కావాలంటే ఇప్పుడే వద్దు. లిపి బ్యాచ్ దసరా తర్వాత పెడతామన్నారు, నేను చేరుతున్నా.