కొరాపుట్ కొండల్లో మహీంద్రా థార్: పాత జీపు పేరుకు ఎంతవరకు తగింది?

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కిన తరువాత పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడల మీదుగా జయపురం వరకు సాగే జాతీయ రహదారి ఇప్పుడు ఏ చిన్న కారుకైనా అనువుగానే ఉంది. అయితే ఆ రహదారిని వదిలి కొండ ఊళ్ల వైపు మళ్లితే, వానాకాలంలో ఎర్రమట్టి, గెడ్డలు, రాళ్లు తేలిన ఎక్కుడు దారులు మన బండిని పరీక్షించడం మొదలుపెడతాయి. కొరాపుట్ జిల్లాలో వ్యాపారాలు, కాంట్రాక్టు పనులు, కాఫీ తోటలు, ఉద్యోగాలు చూసుకుంటున్న తెలుగు కుటుంబాలలో కొత్త బండి కొనాలన్న మాట రాగానే థార్ పేరు ముందుగా వినిపిస్తున్నది. కొంతకాలంగా 2020 నమూనా థార్‌ను, డీజిల్ ఇంజిను, ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ బలం అందే ఏర్పాటు) ఉన్న రకాన్ని, ఈ దారుల మీద నడుపుతున్నాను కనుక దాని మంచిచెడ్డలను ఇక్కడ వివరంగా చెప్పదలచుకున్నాను. ఆ బండి మీద జనానికి ఉన్న మోజులో సగం దాని వంశచరిత్ర వల్ల వచ్చినదే కాబట్టి ముందుగా అక్కడి నుండే మొదలుపెట్టాలి.

1940 వేసవిలో అమెరికా సైన్యం, నాలుగు చక్రాలకూ బలం అందే తేలికైన స్కౌటు (నిఘా) వాహనం ఒకటి కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనా వాహనాన్ని 49 రోజుల్లో తయారుచేసి ఇవ్వాలన్న గడువుకు కట్టుబడి నిలిచినది అమెరికన్ బాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజినీరు గీసిన నమూనా ప్రకారం తయారైన ఆ బండి 1940 సెప్టెంబరు 23న మేరీలాండ్‌లోని సైనిక పరీక్షా కేంద్రానికి చేరింది. అంత చిన్న కంపెనీ సైన్యానికి అవసరమైన సంఖ్యలో బండ్లను తయారుచేయలేదన్న అనుమానంతో అధికారులు ఆ నమూనా వివరాలను విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ కంపెనీలకు కూడా చూపించారు. చివరకు విల్లీస్ రూపకల్పనకే ప్రాధాన్యం దక్కింది. దానికి ముఖ్య కారణం డెల్మార్ రూస్ మెరుగుపరచిన 2.2 లీటర్ల, 60 హార్స్‌పవర్ ఇంజిను. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి. మొదటి బండిని ఇచ్చిన బాంటమ్ వాటా మాత్రం కొన్ని వేలతోనే ఆగిపోయింది. పరిశ్రమల చరిత్రలో ఇంతకన్నా అన్యాయమైన ఘట్టాలు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

భారతదేశంలో ఈ కథ మహీంద్రా సోదరులతో మొదలవుతుంది. 1945లో జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాస్ చంద్ర మహీంద్రా, మాలిక్ గులాం మొహమ్మద్ కలిసి మహీంద్రా అండ్ మొహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపార సంస్థను స్థాపించారు. దేశ విభజన తరువాత గులాం మొహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి, ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రిగా, తరువాత గవర్నర్ జనరల్‌గా పనిచేశారు. ఇక్కడ మిగిలిన సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. విల్లీస్ జీపుల విడిభాగాలను ఓడల్లో తెప్పించి ముంబయిలోని మజ్‌గావ్‌లో కూర్చడంతో ఈ సంస్థ వాహన రంగంలోకి వచ్చింది. ఆ తరువాత లైసెన్సు కింద తయారైన సీజే-3బి, తన ఎత్తైన బానెట్టుతో, అటవీ శాఖ నుండి ఎన్నికల ప్రచారం వరకు దశాబ్దాల పాటు ఈ దేశపు జీపుగా నిలిచింది. అమెరికాలో జీపు పేరు విల్లీస్ నుండి కైజర్‌కు, అక్కడి నుండి అమెరికన్ మోటార్స్‌కు, 1987లో క్రైస్లర్‌కు, చివరకు స్టెలాంటిస్‌కు చేతులు మారుతూ వచ్చింది. ఇక్కడ మాత్రం పాత రూపాన్ని మొదటి నుండి ఒకే సంస్థ మోస్తూ వచ్చింది. ఆ రూపం మీద హక్కు ఎవరిదన్న వివాదం, మహీంద్రా అమెరికాలో అమ్మిన రోక్సార్ అనే బండి విషయంలో, అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ వరకు వెళ్లింది. 2020లో తీర్పు అమెరికాలో జీపు పేరు హక్కు ఉన్న కంపెనీకి అనుకూలంగా వచ్చింది. ముందు భాగాన్ని మార్చుకున్న తరువాతనే రోక్సార్ అమ్మకాలకు దారి తెరుచుకుంది.

మన కొండల మీద ఈ సంస్థకు పేరు తెచ్చినవి షోరూము బండ్లు కావు. 1980లలో ప్యూజో వారి 2.1 లీటర్ల డీజిల్ ఇంజినుతో వచ్చిన ఎం.ఎం.540, ఆ తరువాత పొడవైన ఛాసిస్ మీద వచ్చిన కమాండర్, సంతలకు జనాన్ని, అల్లం బస్తాలను, మేకలను, పెళ్లివారిని ఒకేసారి మోసిన బండ్లు. వెనుక ఎదురెదురుగా రెండు బల్లలు, పైన రెక్సిన్ హుడ్డు, కింద కమాన్ కట్టలు (ఇనుప పట్టీల స్ప్రింగులు), ఇంతకు మించి అందులో చెడిపోవడానికి ఏమీ ఉండేది కాదు. సంత ఊరిలోని ఏ షెడ్డులోనైనా స్పానర్లు, సుత్తి ఉన్న మెకానిక్ దానిని సాయంత్రానికి నడిపించి పంపగలిగేవాడు. ఇప్పుడు థార్ కొనడానికి వచ్చే మధ్యవయస్కులలో చాలామంది చిన్నప్పుడు ఆ బల్లల మీద మోకాళ్లు ఒరుసుకుంటూ ప్రయాణం చేసినవారే. ఆ అభిమానం బండి నాణ్యతకు కొలమానం కాదన్న సంగతి కొనేటప్పుడు గుర్తుంచుకోవడం అవసరం.

2010 అక్టోబరులో థార్ అన్న పేరుతో మొదటి బండి వచ్చింది. అది నిజానికి ఆ పాత పరంపరకు చివరి రూపం. పాత జీపు శరీరంలో 2.5 లీటర్ల, 105 హార్స్‌పవర్ డీజిల్ ఇంజినును అమర్చి, ముందు వైపు మెలితిరిగే కడ్డీలతో కుదుపును తగ్గించే టోర్షన్ బార్ సస్పెన్షన్ పెట్టి, వెనుక మాత్రం కమాన్ కట్టలనే ఉంచారు. కొండ దారుల్లో దాని బలానికి వంక పెట్టలేము. అయితే లోపల కూర్చునేవారి సుఖం గురించి రూపకర్తలు ఆలోచించిన దాఖలాలు తక్కువ.

2020 ఆగస్టు 15న ఆవిష్కరించి, అక్టోబరు 2 నుండి అమ్మిన రెండవ తరం థార్ పూర్తిగా వేరే బండి. నిచ్చెన ఆకారపు లాడర్ ఫ్రేమ్ ఛాసిస్ అలాగే ఉంది, వెనుక దృఢమైన ఒకే ఇరుసు కూడా ఉంది, కానీ కమాన్ కట్టల స్థానంలో కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. 2.2 లీటర్ల డీజిల్ ఇంజిను 130 హార్స్‌పవర్ శక్తిని, 300 న్యూటన్ మీటర్ల టార్కును (లాగుడును) ఇస్తుంది. 2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజినుది 150 హార్స్‌పవర్. సుంకి ఘాట్ మలుపుల్లో బియ్యం లారీ వెనుక నెమ్మదిగా ఎక్కుతూ, సందు దొరికినప్పుడు దానిని దాటవలసిన పరిస్థితిలో డీజిల్ ఇంజిను తక్కువ వేగంలోనే ఇచ్చే లాగుడు ఎంతో ఉపయోగపడుతుంది. గేరు పదే పదే మార్చవలసిన అవసరం ఉండదు.

రహదారి వదిలిన తరువాతనే ఈ బండి అసలు విలువ తెలుస్తుంది. నేల నుండి 226 మిల్లీమీటర్ల ఎత్తు, దాదాపు 42 డిగ్రీల ముందు కోణం, దాదాపు 37 డిగ్రీల వెనుక కోణం ఉండటం వలన, గెడ్డ ఒడ్డు నుండి నిటారుగా దిగేటప్పుడు గాని అవతలి గట్టు ఎక్కేటప్పుడు గాని బంపరు నేలకు తగలదు. 650 మిల్లీమీటర్ల లోతు నీటిలో నడవగలదని కంపెనీ చెబుతుంది. దీనిని ధీమాగా తీసుకోకూడదు, ఎందుకంటే మాచ్‌ఖండ్ పరిసరాల గెడ్డలలో వాన కురిసిన తరువాత ప్రమాదం లోతు వలన కన్నా ప్రవాహ వేగం వలన, అడుగున కదిలే రాళ్ల వలన ఎక్కువగా వస్తుంది. దిగి, కర్రతో లోతు చూసి, నీరు మోకాలు దాటితే వెనక్కు తిరగడమే ఇక్కడి పాత జీపు డ్రైవర్ల పద్ధతి. బండి ఎంత కొత్తదైనా ఆ పద్ధతి మార్చుకోవలసిన కారణం నాకు కనిపించలేదు.

ఫోర్ బై ఫోర్ లివరును సరిగ్గా అర్థం చేసుకోకుండా నడిపేవారు ఎక్కువ కనుక దాని గురించి కొంత చెప్పాలి. మామూలు దారిలో వెనుక చక్రాలకే బలం అందే 2హెచ్‌లో ఉండాలి. తడిసిన ఎర్రమట్టి దారి మొదలైనప్పుడు నాలుగు చక్రాలకూ బలం అందే 4హెచ్‌కు మార్చుకోవచ్చు, బండి నడుస్తుండగానే మార్చే వీలు ఉంది. బండి ఆపి, నాలుగు చక్రాలనూ తక్కువ గేరులో తిప్పే 4ఎల్ వేస్తే చక్రాలకు అందే లాగుడు రెండింతలకు పైగా పెరిగి, నిటారు ఎక్కుడులో యాక్సిలరేటరు తొక్కకుండానే బండి పాకుతూ పోతుంది, దిగేటప్పుడు బ్రేకుల మీద భారం తగ్గుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ ఇందులో లేదు. కాబట్టి పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపులు తిరిగితే గేర్‌బాక్స్, ఇరుసుల మీద ఒత్తిడి పేరుకుంటుంది. దర్పం కోసం ఊరిలో ఫోర్ బై ఫోర్ వేసుకుని తిరిగేవారు చివరకు మెకానిక్‌ను పోషిస్తున్నట్లే. వెనుక ఇరుసులో మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉన్న రకాన్ని కొంటే, ఒక చక్రం బురదలో తిరుగుతూ రెండవది కదలనప్పుడు, వాటి వేగాల తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే అది తనంతట తాను రెంటినీ బిగిస్తుంది. బురదలో చక్రం జారగానే డ్రైవరు ఒక్క క్షణం యాక్సిలరేటరు వదలకుండా ఉండాలి. పాత జీపు అలవాటుతో వెంటనే కాలు తీసేవారికి దాని ప్రయోజనం దక్కదు.

భద్రత విషయంలో ఈ తరం థార్ చాలా ముందుకు వచ్చింది. 2020లో బండ్లను ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దలకు, పిల్లలకు కూడా నాలుగు నక్షత్రాలు దక్కాయి. మొదట్లో పాత జీపులో వలె వెనుక ఎదురెదురు బల్లలతో ఆరుగురు కూర్చునే చవక రకం కూడా ఉండేది, కానీ కొద్దికాలంలోనే దానిని ఆపివేశారు. భద్రత దృష్ట్యా అది సరైన నిర్ణయమే. అయితే దానితోనే ఈ బండి మన ప్రాంతపు ప్రయాణికుల బండి కావడం మానివేసి, నలుగురు కూర్చునే సొంత బండిగా మిగిలింది.

లోపాలు కూడా ఇక్కడి నుండే మొదలవుతాయి. మూడు తలుపుల థార్‌లో వెనుక సీటుకు వెళ్లాలంటే ముందు సీటును వంచి దూరాలి. చీర కట్టుకున్న పెద్దవారికి, మోకాళ్ల నొప్పులున్నవారికి అది శిక్షతో సమానం. నలుగురు కూర్చున్న తరువాత వెనుక మిగిలే చోటులో రెండు సంచులకు మించి పట్టవు. విజయనగరంలో పెళ్లికి నలుగురూ సామానుతో బయలుదేరాలంటే ఈ బండి చాలదు. దృఢమైన వెనుక ఇరుసు వలన గతుకుల రోడ్డు మీద వెనుక కూర్చున్నవారికి కుదుపు తప్పదు. హుడ్డు రకమైతే వేగంలో గాలి హోరు కూడా తోడవుతుంది.

2023 జనవరిలో 9.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతో వచ్చిన, వెనుక చక్రాలకు మాత్రమే బలం అందే థార్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువైనది. 1.5 లీటర్ల డీజిల్ ఇంజినుతో, ఫోర్ బై ఫోర్ లేకుండా అమ్మే ఆ బండి నగర రోడ్ల మీద థార్ రూపాన్ని కోరుకునేవారికి సరిపోతుందేమో. పొట్టంగి, నందపురం వైపు వానాకాలపు మట్టి దారులలో మాత్రం అది మామూలు కారు కన్నా ఎత్తుగా ఉన్న కారు, అంతే. ఇక్కడ నివసిస్తూ ఆ రకాన్ని కొనేవారు థార్ కొనడానికి ఉన్న ఒకే ఒక్క గట్టి కారణాన్ని షోరూములోనే వదిలి వస్తున్నారు. 1672 మీటర్ల దేవమాలి కొండ మీదికి దారి ఉండగా, పక్కనున్న గడ్డి నేల మీద చక్రాల చాళ్లు వేసే ఉత్సాహవంతుల సంగతి వేరే చెప్పాలి. బురదలో బండి నడపడం నేర్చుకోవాలంటే ఆ కొండను పాడుచేయనవసరం లేదు.

2024 ఆగస్టులో వచ్చిన ఐదు తలుపుల థార్ రాక్స్, పైన చెప్పిన కుటుంబ సమస్యలలో చాలావాటిని తీర్చింది. ఇరుసుల మధ్య దూరం 2450 నుండి 2850 మిల్లీమీటర్లకు పెరిగింది, మన దేశపు ఢీ పరీక్ష అయిన భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు దక్కాయి. ఆ పెరిగిన పొడవే కొండ ఊళ్ల ఇరుకు మలుపులలో ఇబ్బంది పెడుతుంది, గట్టు దాటేటప్పుడు మధ్య భాగం నేలకు దగ్గరవుతుంది. పోటీ బండ్లలో మారుతీ జిమ్నీ తేలికైనది, బురదలో చురుకైనది, కానీ డీజిల్ ఇంజిను లేదు. ఫోర్స్ గూర్ఖా గట్టి బండి, దానికి రెండు ఇరుసులలోనూ చేతితో వేసే లాకులున్నాయి. అయితే కొనే ముందు దాని సర్వీసు కేంద్రం మనకు ఎంత దూరంలో ఉందో చూసుకోవాలి.

తోటల పనికి, సంత సరుకుకు, కూలీలను తీసుకువెళ్లడానికి బండి కావలసినవారికి థార్‌ను సిఫారసు చేయలేను. ఆ పనిని అదే సంస్థ 2000 నుండి అమ్ముతున్న బొలెరో తక్కువ ఖర్చుతో చేస్తుంది. కుటుంబంలో మరొక కారు ఉండి, వానాకాలంలో కూడా కొండ దారుల్లో తిరగవలసిన ఉద్యోగమో వ్యవసాయమో ఉన్నవారు 2.2 లీటర్ల డీజిల్, మాన్యువల్ గేర్లు, ఫోర్ బై ఫోర్, వెనుక మెకానికల్ లాకు, ఇనుప పైకప్పు ఉన్న మూడు తలుపుల థార్‌ను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. బుక్ చేసే ముందు ఇంట్లోని పెద్దవారిని షోరూముకు తీసుకువెళ్లి వెనుక సీటులో ఎక్కించి దింపి చూడాలి. వారు ఇబ్బంది పడితే రాక్స్ ఫోర్ బై ఫోర్ ధర అడగడం మంచిది.